ఐడియాలు అడిగినవాళ్లు జవాబు చెప్పనక్కర్లేదా?

డాలస్ పరిసరాల్లోని తెలుగు వ్యాపార యజమానులకు, తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, వారి కోసం మేధోమథన సదస్సులు నడిపే ఫెసిలిటేటర్లకు



పర్యావరణానికి మేలు చేసే వ్యాపారం ఎలా చేయాలన్న విషయం మీద మళ్లీ ఒక బ్రెయిన్‌స్టార్మింగ్ వర్క్‌షాప్ పెడుతున్నామని, శనివారం మధ్యాహ్న భోజనం కూడా ఉంటుందని మీలో ఒకరి నుంచి వాట్సాప్‌లో ఆహ్వానం వచ్చింది. అడుగున ఒక షరతు. "సమస్యలతో రాకండి, ఐడియాలతో రండి. నెగటివ్ మాటలకు తావు లేదు." పంపినవారి పేరు రాయను, ఆ షరతు వారొక్కరిదే కాదు కాబట్టి. కాపెల్‌లోనూ ఇర్వింగ్‌లోనూ ఫ్రిస్కోలోనూ ఇలాంటి సభల్లో నేను కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక రూపంలో ఈ మాటే చెవిన పడింది. దానికి ఒప్పుకోలేకే మీ అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

సమస్య లేకుండా ఐడియా ఎక్కడి నుంచి పుడుతుందో మీలో ఎవరైనా చెప్పగలరా? ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు చేసిన ఆసు యంత్రం ఏ బ్రెయిన్‌స్టార్మింగ్ వర్క్‌షాప్‌లోనూ పుట్టలేదు. చీర నేతకు నూలు సిద్ధం చేసే ఆసు పోసేటప్పుడు చెయ్యిని వేల సార్లు అటూ ఇటూ తిప్పి తిప్పి వాళ్లమ్మకు భుజం నొప్పి పట్టేది. ఆమె ఇక నా వల్ల కాదంది. అది సమస్య. మీ లెక్కలో అది నెగటివ్ మాట. ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆయన ఆ యంత్రాన్ని పూర్తి చేశారు, అమ్మ పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. అమ్మను "సమస్యలు చెప్పకు, ఐడియాలు చెప్పు" అని కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేది?

మీరు ఈ షరతుకు పెద్దమనిషి సాక్ష్యం ఒకటి చూపిస్తారని నాకు తెలుసు. బీబీడీఓ యాడ్ కంపెనీలో భాగస్వామి అలెక్స్ ఆస్‌బర్న్ 1939 ప్రాంతంలో ఈ పద్ధతి మొదలుపెట్టి, 1953లో వచ్చిన 'అప్లైడ్ ఇమాజినేషన్' పుస్తకంలో నియమాలు రాశాడు. విమర్శ వద్దు, ఎంత వింతదైనా చెప్పండి, ఎన్ని వస్తే అంత మంచిది, ఒకరి దాని మీద ఇంకొకరు కట్టండి. ఈ నాలుగూ మీ స్లైడ్ల మీద చూస్తూనే ఉంటాం. మీరు స్లైడ్ మీదికి ఎక్కించనివి కూడా ఆయన చెప్పాడు. విమర్శను వాయిదా వెయ్యమన్నాడు గానీ ఎత్తెయ్యమనలేదు. ఐడియాలు పోగయ్యాక వాటిని కూలంకషంగా వడకట్టే దశ వేరే ఉంటుందన్నాడు. కూర్చునే ముందు ప్రశ్న ఒక్కటే ఉండాలి, అదీ నిర్దిష్టంగా ఉండాలన్నాడు. గుంపుగా కూర్చోవడానికి ముందూ తర్వాతా ఎవరికి వారు ఒంటరిగా ఆలోచించాలన్నాడు. మీ సభల్లో వాయిదా ఉంటుంది, వాయిదా తీరే తేదీ మాత్రం ఉండదు. "భూమాతకు మనమేం చేయగలం?" అన్నది నిర్దిష్టమైన ప్రశ్నేనా? దానికి వచ్చే జవాబులన్నీ గోడకు అతికించే స్టిక్కీ నోట్స్ అంత పలచగానే ఉంటాయి మరి.

పోనీ గుంపుగా కూర్చుంటే ఎక్కువ ఐడియాలు వస్తాయన్న నమ్మకమైనా నిజమా? 1958లోనే యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెరీ, బ్లాక్ అనే ముగ్గురు పరీక్షించి చూశారు. నలుగురిని ఒక గదిలో కూర్చోబెడితే వచ్చిన ఐడియాలకన్నా, నలుగురూ విడివిడిగా రాసినవి కలిపితే దాదాపు రెట్టింపు వచ్చాయి. ఎందుకలా అని 1987లో డీల్, స్ట్రోబ తవ్వి చూస్తే తేలిన ప్రధాన కారణం చాలా మామూలుది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం కాచుకుని ఉండాలి, ఈలోగా అనుకున్నది మరిచిపోతారు, లేదా చెప్పడం మానేస్తారు. ఇది పరీక్షల కోసం కూర్చోబెట్టినవాళ్ల సంగతి. మన సభల్లో మొదటి మైకు అధ్యక్షుల వారికి, రెండోది ప్రధాన దాతకు, మూడోది ఇండియా నుంచి వచ్చిన అతిథికి. వంతు వచ్చేసరికి సాంబారు చల్లారిపోతుంది.

మన గదిలో ఆ పరిశోధకులు చూడని భయం ఇంకొకటుంది. దాని గురించి మీరెవరూ మాట్లాడరు గనక నేను రాస్తాను. ఆ కుర్చీల్లో సగం మంది మీ దగ్గర పనిచేసేవాళ్లు. వాళ్లలో చాలామంది హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు. ఉద్యోగం పోతే వాళ్ల చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు ఇంకో యజమాని దొరకాలి, లేదా హోదా మార్చుకోవాలి, లేదా పిల్లల్ని బడి మాన్పించి పెట్టెలు సర్దుకోవాలి. వీసా కాగితాల మీద సంతకం పెట్టే యజమాని ముందు వరుసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉంటే, "సార్, ఆఫీసులో రాత్రంతా ఏసీ ఎందుకు తిరుగుతోంది?" అని ఏ పిల్లాడు అడుగుతాడు? వాడు పచ్చ కాగితం మీద "చెట్లు నాటుదాం" అని రాస్తాడు. మీరు చప్పట్లు కొడతారు. తప్పు వాడిదేనా?

ఫెసిలిటేటర్లూ, ఈ మాట ముఖ్యంగా మీకు. ఆ భయాన్ని గది బయట పెట్టించడమే మీ వృత్తి. దానికి సాధనాలు కూడా ఉన్నాయి. 1968లో జర్మనీలో బెర్న్‌డ్ రోర్‌బాఖ్ చెప్పిన పద్ధతి మీకు తెలియనిది కాదు. ఆరుగురు, తలా మూడు ఐడియాలు, అయిదు నిమిషాలు, తర్వాత కాగితం పక్కవారికి. నోరు విప్పనక్కర్లేదు, ఎవరి చేతిరాత ఎవరిదో ఎవరూ పట్టించుకోరు, అరగంటలో 108 ఐడియాలు. పెద్దల ముందు చిన్నవాళ్లు గొంతు పెంచని మన ఇళ్ల అలవాటుకు ఇంతకన్నా నప్పే పద్ధతి ఏముంది? అయినా మీరు మైకునే ఎందుకు ఎంచుకుంటున్నారు? ఫొటోల్లో మైకు బాగా పడుతుందనా?

గదిలో కనీసం కుర్చీ కూడా దొరకనివాళ్ల సంగతి ఇప్పుడు. ఒక సంస్థ పెట్టిన ఇలాంటి సభలోనే చూశాను. "ఆహార వృథా" అన్న శీర్షిక కింద ఇరవై ముప్పై కాగితాలు అతికించి ఉన్నాయి. యాప్ తయారు చేద్దాం, బ్లాక్‌చెయిన్ పెడదాం, పిల్లలకు పోస్టర్ల పోటీ పెడదాం. హాలు వెనక, వంటవైపు తలుపు దగ్గర, నల్ల ఏప్రన్ కట్టుకున్న ఒకతను పులిహోర ట్రేలకు రేకు మూత తీస్తూ నిలబడి ఉన్నాడు. ఈ ఊళ్లో మన హోటళ్ల పెనాల మీద దోసె తిప్పే చెయ్యి చాలాసార్లు మెక్సికోదో హోండురస్‌దో అని మీకు నేను చెప్పాలా? ఆదివారం బఫే ముగిశాక ఎన్ని ట్రేల అన్నం చెత్తబుట్టలోకి పోతుందో, ఏ కూర ఎప్పుడూ మిగిలిపోతుందో, మిర్చి బజ్జీ కాల్చిన నూనె వాడిన నూనె డబ్బాలోకి పోతోందో సింకులోకి పోతోందో ఆ హాలంతటిలో కచ్చితంగా తెలిసినవాడు అతనొక్కడే. అతన్ని స్పానిష్‌లో ఒక్క ప్రశ్న అడిగినవారు లేరు. సభ అయ్యాక గోడను ఫొటో తీసి, కాగితాలు పీకి, తిన్న ఫోమ్ ప్లేట్లతో పాటు ఒకే నల్ల సంచిలో కట్టేశారు. ఆ సంచి మోసుకుపోయింది కూడా అతనే.

ఇది మీ ఇంటి వ్యవహారం, మీ డబ్బు, మీ భోజనం, మధ్యలో నాకేంటని మీరు అడగొచ్చు. చెబుతాను. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం ఈ దేశంలో చెత్త గుట్టల్లోకి చేరే పట్టణ వ్యర్థాల్లో దాదాపు 24 శాతం తిండే. ఆ గుట్టల నుంచి గాల్లోకి తప్పించుకునే మీథేన్‌లో 58 శాతానికి మూలం ఆ తిండేనని అదే సంస్థ 2023లో చెప్పింది. సింకులో ఒంపిన నూనె మురుగు గొట్టాల్లో గడ్డకట్టి, ఎక్కడో ఒకచోట మురుగు పైకి పొంగి వాగులో పడుతుంది. కాపెల్ పదిహేను చదరపు మైళ్ల లోపు ఊరు, జనం దాదాపు 43 వేలు. ఇక్కడి డెంటన్ క్రీక్, గ్రేప్‌వైన్ క్రీక్ రెండూ ట్రినిటీ నది ఎల్మ్ ఫోర్క్‌లో కలుస్తాయి. ఈ ప్రాంతం వాడి వదిలిన నీళ్లు శుద్ధయ్యాక ఆ నదిలోకే పోయి లేక్ లివింగ్‌స్టన్ మీదుగా హ్యూస్టన్ కుళాయిలకు చేరతాయి. ఇక్కడి మన సింకు సంగతి హ్యూస్టన్‌లో ఉన్న మీ బావమరిదికీ సంబంధించిందే మరి.

ఇంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. టెక్సస్‌లో సంచుల లాంటి విషయాల్లో మిమ్మల్ని బలవంతపెట్టే నాథుడు లేడు. డాలస్ నగరం 2015 జనవరి నుంచి ప్లాస్టిక్ సంచికి అయిదు సెంట్లు వసూలు చేయించింది. సంచుల కంపెనీలు కోర్టుకెక్కగానే ఆ ఏడాది జూన్‌లోనే వెనక్కి తీసుకుంది. లరేడో ఊరు సంచుల్ని నిషేధిస్తే, చెత్త తగ్గించే పేరుతో సంచుల మీద నిషేధం పెట్టే అధికారం రాష్ట్ర చట్టం కింద ఊళ్లకు లేదని 2018 జూన్‌లో టెక్సస్ సుప్రీంకోర్టు తేల్చేసింది. దాంతో ఆస్టిన్‌లోని నిషేధమూ పోయింది. కాలిఫోర్నియాలో ఉన్న మీ మిత్రులకు చట్టం చెబుతుంది, వాళ్లు చేస్తారు. ఇక్కడ కాపెల్ నగర మండలి రేపు ఏకగ్రీవంగా తలచుకున్నా మీ కిరాణా కొట్టులో సంచిని ఆపలేదు. మీరు మాత్రమే ఆపగలరు. అంటే మీ వర్క్‌షాప్ గదిలో జరిగేదే ఈ రాష్ట్రంలో ఈ విషయం మీద జరిగే శాసనసభ. దాన్ని శనివారం కాలక్షేపంగా నడిపే హక్కు మీకెవరిచ్చారు?

ఏదో ఒకటి చేశామని చెప్పుకోవడానికి మీకు దొరికే సులువైన దారి నాకు తెలుసు. ప్రతి సభలోనూ ఓట్లన్నీ గెలుచుకుంటూ వచ్చిన ఐడియా పోకమట్ట ప్లేట్లు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, అమ్మమ్మ ఇంటి విస్తరి గుర్తొస్తుంది. దక్షిణాది తోటల నుంచి కంటెయినర్లో సముద్రం దాటి వచ్చి, ఒక పూట పప్పన్నం మోసి, కంపోస్టు చేసే ఏర్పాటు లేనిచోట ఫోమ్ ప్లేటుతో పాటు అదే చెత్త గుట్టలో పడేవి. అక్కడ కుళ్లి మీథేన్ కూడా ఇచ్చేవి. "తిన్నాక ఇవి ఎక్కడికి వెళ్తాయి?" అని గదిలో ఒక్కరు అడిగి ఉంటే ఆ ఐడియా సగం మెరుగయ్యేది. ప్లేట్లతో పాటు కంపోస్టు బండి కూడా మాట్లాడుకునేవాళ్లు, లేదా స్టీలు కంచాలు అద్దెకు తెచ్చి కడిగించేవాళ్లు. అలా అడిగినవాణ్ని మీరు నెగటివ్ అన్నారు. అన్నారా లేదా?

అలాగే "మిగిలిన భోజనం ఎవరికైనా ఇస్తే కేసు వేస్తారు" అన్న మాట. యజమానుల నోటి నుంచి ఎన్నిసార్లు విన్నానో. సదుద్దేశంతో ఇచ్చిన ఆహారానికి దాతల మీద దావా పడకుండా కాపాడే సమాఖ్య చట్టం 1996 నుంచి ఉంది. బఫేలో గంటల తరబడి మూత తీసి ఉంచింది ఇవ్వకూడదు, నిజమే. వంటగదిలో వేడిగానో చల్లగానో సరైన తీరున ఉంచిన ట్రేలు ఇవ్వొచ్చు. ఏది ఏదో తెలిసింది మళ్లీ ఆ ఏప్రన్ మనిషికే. కాపెల్ కమ్యూనిటీ గార్డెన్‌లో వాలంటీర్లు పండించిన కూరగాయల్లో పెద్ద వాటా అన్నం లేనివాళ్లకు వెళ్తుంది. అక్కడ మనవాళ్లు కూడా మడులు దున్నుతున్నారు. దానికి ఏ మేధోమథనం జరిగిందంటారు?

వర్క్‌షాపులే వద్దని నేననడం లేదు. అట్లాంటా కేంద్రంగా తివాచీలు చేసే ఇంటర్‌ఫేస్ కంపెనీ అధినేత రే ఆండర్సన్ 1994లో దారి మార్చుకున్నాక, వ్యర్థం ఎక్కడెక్కడ ఉందో చెప్పమని ఫ్యాక్టరీలో యంత్రాల దగ్గర ఉన్నవాళ్లను అడిగాడు. అందరినీ జట్లుగా కూర్చోబెట్టాడు. కొనేవాడికి విలువ ఇవ్వని ప్రతి ఖర్చూ వ్యర్థమేనన్నది అక్కడి లెక్క. వందల మిలియన్ల డాలర్లు ఆదా అయ్యాయని తర్వాత ఆయనే చెప్పాడు. అక్కడ సమస్య చెప్పడం నేరం కాలేదు, సమస్య చెప్పడమే పని అయింది.

మనవాళ్లది కావాలంటే ఇంకా మంచి ఉదాహరణ ఉంది. తెలుగు సంఘాల వేదికల మీద దాని పేరెత్తగా నేను వినలేదు. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సీ సాయంతో 'విజన్ 2020' విడుదల చేసింది. వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించడం అందులో ఒక లక్ష్యం. ఆ 70 శాతంలో ఉన్నవాళ్లను అడగలేదన్న విమర్శ వచ్చింది. 2001 జూన్ చివరి వారంలో, అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో, పరిశోధకులు, స్వచ్ఛంద సంస్థలు కలిసి 'ప్రజాతీర్పు' పేరుతో ఒక విచారణ నడిపించాయి. న్యాయనిర్ణేతలు చిన్నకమతాల రైతులు. ఎక్కువ మంది ఆడవాళ్లే, వాళ్లలో దళితులు, ఆదివాసులు కూడా ఉన్నారు. చదువు రానివాళ్లకూ తెలిసేలా మూడు రకాల భవిష్యత్తులను వీడియోల్లో చూపించారు. ఒకటి విజన్ 2020 చెప్పేది, ఒకటి ఎగుమతి పంటలది, ఒకటి ఊరి అవసరాలు ఊరే తీర్చుకునేది. తర్వాత అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల వాళ్లు సాక్షులుగా వచ్చి వాళ్ల ముందు నిలబడ్డారు. ఆ రైతులు రోజుల తరబడి ఆ సాక్షులను ప్రశ్నలడిగారు. నిర్వాహకులు పక్షపాతం చూపకుండా కనిపెట్టడానికి వేరే పరిశీలక బృందం కూర్చుంది. ఫెసిలిటేటర్లూ, మీ పనిని కనిపెట్టి చూడటానికి ఎవరినైనా ఎప్పుడైనా కూర్చోబెట్టారా?

చివరికి వాళ్లు మూడింట్లో ఒకదానికి టిక్కు పెట్టి ఊరుకోలేదు, తమ భవిష్యత్తును తామే చెప్పారు. మనుషుల్ని సేద్యం నుంచి తప్పించే లక్ష్యం వద్దన్నారు, జన్యుమార్పిడి విత్తనాలు వద్దన్నారు, కాంట్రాక్టు సేద్యం వద్దన్నారు. మట్టి, విత్తనం, నీరు తమ చేతుల్లో ఉండాలన్నారు. ఆ తీర్పులో ప్రతి మాటనూ మీరు ఒప్పుకోనక్కర్లేదు, నాకూ కొన్ని చోట్ల వాదన ఉంది. ఆ ప్రభుత్వానికి అప్పట్లో సాయమందించిన బ్రిటన్ ప్రభుత్వ శాఖకు కూడా ఆ నివేదిక మింగుడు పడలేదు, లండన్‌లో పెద్ద రగడే అయింది. ఏలికలకు చెమటలు పట్టించని మేధోమథనం ఎందుకు? మీ సభ తర్వాత ఎవరికైనా ఎప్పుడైనా నిద్ర పట్టకుండా పోయిందా?

అందుకని అడుగుతున్నాను. వచ్చే సభకు ముందు, ఈ గదిలో ఏం తేలితే అమలు చేస్తారో, దానికి ఎంత డబ్బు పక్కన పెట్టారో యజమాని సంతకంతో రాసి ఇవ్వండి. పైసా లేకపోతే లేదని రాయండి, జనం తమ శనివారాన్ని పిల్లలతో గడుపుకుంటారు. ఫెసిలిటేటర్లు ఆ కాగితం చేతికి రాకుండా పని ఒప్పుకోకండి. వచ్చే బేరం పోతుందంటారా? డాక్టరు కూడా రిపోర్టులు చూడకుండా కత్తి పట్టనంటాడు, అందుకే ఆయన దగ్గరికి వెళ్తాం. యజమాని మొదటి గంట బయట ఉండాలి. మాటల కన్నా ముందు రాతలు, పేర్లు లేకుండా. సగం సమయం ఐడియాలకు ఇస్తే సగం వాటిని చీల్చి చెండాడటానికి ఇవ్వండి. వంటవాళ్లను, గిడ్డంగిలో పెట్టెలు ఎత్తేవాళ్లను, రాత్రిపూట ఊడ్చేవాళ్లను జీతమిచ్చిన పనిగంటల్లోనే పిలవండి, స్పానిష్ వచ్చినవారిని పక్కన పెట్టుకోండి. సెలవు రోజున ఉచితంగా రమ్మంటే అది ఇంకో దోపిడీ.

ఇక గోడ మీద పడ్డ ప్రతి కాగితానికీ నెల తిరక్కుండా జవాబు కావాలి. చేస్తాం, ఫలానా తేదీకి. లేదా చేయం, ఫలానా కారణానికి. అంతకు మించి అక్కర్లేదు. ఆ జవాబుల కాగితాన్ని లింక్డిన్‌లో కాదు, మీ కొట్లో బిల్లు కట్టే కౌంటరు దగ్గర అతికించండి. కాపెల్ పడమటి వైపు ఎయిర్‌పోర్టు దగ్గర గిడ్డంగుల వరుసలో మీలో కొందరికి అద్దె జాగాలున్నాయి. అక్కడైతే పంచ్ కార్డు దగ్గర అతికించండి. "చేయం" అన్న మాట రాయడానికి సిగ్గుపడకండి. మౌనం కన్నా అది ఎంతో మర్యాద.

ఏటా కార్తీక మాసం వస్తుంది. పార్కుల్లో వనభోజనాలకు ఒక్కో సంఘం వందల మందికి ప్లేట్లు, గ్లాసులు, నీళ్ల సీసాలు ఆర్డరు పెడుతుంది. ఆ ఆర్డరు పెట్టేది ఎవరో, ఏ దుకాణంలో ఎంతకు కొంటారో, కిందటేడు ఎన్ని సీసాలు సగం తాగి పారేశారో మీ కార్యవర్గంలో ఎవరికి తెలుసు? ముందు ఆ మనిషిని పిలవండి. సమస్యలతోనే రమ్మనండి.

ఇట్లు,
కాపెల్ నివాసి, మీ సభలకు ఇకముందు కూడా వచ్చి అడిగే ఒకరు